గొంతులు ఆగాయి, మతిమరుపు ఎందుకు పోలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అన్నయ్యకు స్కిజోఫ్రీనియా. మందులు వాడాక చెవిలో గొంతులు వినిపించడం ఆగింది, అనుమానాలూ తగ్గాయి. కానీ చెప్పిన పని మధ్యలోనే మర్చిపోతాడు, నలుగురు మాట్లాడుకుంటుంటే అందుకోలేడు. చిన్నప్పుడు నాన్న తనని బాగా కొట్టేవారు. అలాంటి బాల్యం వల్ల ఇమ్యూనిటీ దెబ్బతిని మెదడు పాడవుతుందని చదివాను. అంటే నాన్నే కారణమా? ఇమ్యూనిటీ పెంచే మందులు ఇవ్వచ్చా?

జవాబు: ఆ మందులు మాత్రం ఇవ్వకండి. ఇమ్యూనిటీ చాలకపోవడం కాదమ్మా ఇక్కడి గొడవ. ఈ జబ్బున్న కొందరిలో ఇమ్యూనిటీయే ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే సన్నగా రగులుతూ ఉంటుంది, దాన్ని ఇంకా పెంచి ఏం చేస్తారు?

మతిమరుపు, నెమ్మదితనం చూసి ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు. చాలావరకు అది జబ్బులో భాగమే, కొందరిలో గొంతులు మొదలవకముందు నుంచే ఉంటుంది. మనం వాడే మందులు ముఖ్యంగా డోపమైన్ అనే మెదడు రసాయనం మీద పనిచేస్తాయి కాబట్టి గొంతులు తగ్గుతాయి గానీ జ్ఞాపకం, ఆలోచనలో వేగం పెద్దగా మెరుగుపడవు.

ఇక బాల్యం సంగతి. 2012లో చాలా అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, చిన్నప్పుడు హింస, నిర్లక్ష్యం, తోటిపిల్లల వేధింపులు లాంటివి అనుభవించినవాళ్లలో సైకోసిస్ (గొంతులు, అనుమానాల్లాంటివి ఉండే జబ్బు) ముప్పు మూడు రెట్లకు దగ్గరగా ఉందని తేలింది. అది శరీరంలోకి ఎలా దిగుతుందంటే, ఎప్పుడు దెబ్బపడుతుందో తెలియని పిల్లాడి ఒళ్లు ఎప్పుడూ టెన్షన్‌లోనే ఉంటుంది, ఆ ఒత్తిడి హార్మోన్లు ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఇమ్యూన్ కణాలు కూడా అయినదానికీ కానిదానికీ రెచ్చిపోవడం అలవాటు చేసుకుంటాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో కొందరిని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చారు. వాళ్లలో చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లకు 32 ఏళ్ల వయసులో కూడా రక్తంలో వాపును, అంటే ఇమ్యూనిటీ లోలోపల రగలడాన్ని, సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఎక్కువగా కనిపించింది. ఈ వాపు సంకేతాల వల్ల మెదడులో కైన్యురెనిక్ ఆమ్లం అనే రసాయనం పెరగవచ్చు. అది జ్ఞాపకానికి, నేర్చుకోవడానికి కీలకమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను (మెదడు కణాలు సంకేతాలు అందుకునే చోట్లను) అడ్డుకుంటుంది. మెదడు మసకబారడానికి ఇదొక దారి అని మా అనుమానం, ఇదొక్కటే దారి అని కాదు.

మరి మీ నాన్నగారు? కొట్టడం తప్పే, అందులో వాదన లేదు. కానీ ముప్పు పెరగడం వేరు, ఫలానావాళ్లకి ఇందుకే వచ్చిందని తేల్చడం వేరు. ఈ జబ్బులో జన్యువుల వాటా పెద్దది. దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమందికి ఇది రానేరాదు, ముద్దుగా పెరిగినవాళ్లకీ వస్తుంది. ఏ రక్తపరీక్షా ఆ తీర్పు చెప్పదు.

వాపు తగ్గిస్తే బుర్ర చురుకవుతుందా అని మేమూ ఆశపడ్డాం. వాపును తగ్గించగల మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో బ్రిటన్‌లో చేసిన పెద్ద ట్రయల్ ఫలితం 2018లో వచ్చింది, లాభం కనబడలేదు. కాబట్టి వాపు తగ్గించి బుర్ర చురుకు చేస్తామంటూ ఎవరైనా మందులు అమ్మితే కొనకండి.

మీరు చేయగలిగింది వేరే ఉంది. చేతులు వణక్కుండా ట్రైహెక్సీఫెనిడిల్ ఇస్తున్నారేమో చీటీలో చూడండి, అది జ్ఞాపకశక్తిని ఇంకా దెబ్బతీస్తుంది. మీ అంతట మీరు ఆపకండి, తగ్గించవచ్చా అని డాక్టర్ని అడగండి. కాగ్నిటివ్ రెమెడియేషన్ అని జ్ఞాపకానికి, ఆలోచనకు ఇచ్చే శిక్షణ దొరికితే తప్పక పంపండి, నిజంగా ఉపయోగపడేవాటిలో అదొకటి. రోజూ చెమట పట్టేలా నడిపించండి. బరువు పెరుగుతుంటే డాక్టర్‌కి చెప్పండి, పొట్ట కొవ్వు కూడా వాపును పెంచుతుంది. పనులు ఒక్కొక్కటిగా, వీలైతే కాగితం మీద రాసి ఇవ్వండి. మర్చిపోయినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ అరవకండి, నాన్నగారు సహా. ఎప్పుడూ తిట్లు వినబడే ఇళ్లలో ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ.