మీ పెరట్లో వాలింది గద్ద కాదు, డేగ

గుంటూరులో మీ పెరట్లో వేప కొమ్మ మీద పావురమంత పక్షి వాలిందనీ, కళ్ళు ఎర్రగా, ముక్కు వంకరగా ఉన్నాయనీ, అది గద్దపిల్లేమో అనీ అడిగారు.

కాదండీ. గద్దపిల్ల గూడు వదిలే వేళకే దాదాపు తల్లంత అవుతుంది, పావురమంత ఉండే ప్రశ్నే లేదు. మీరు చూసింది డేగ, షిక్రా అంటారే, అదే. కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయంటే మగదే. ఆడదాని కళ్ళు పసుపు, నారింజ కలిసినట్టు ఉంటాయి, ఒళ్ళూ కాస్త పెద్దది.

మాదీ గుంటూరే, కొరిటెపాడు. పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా అమ్మ బట్టలు ఆరేస్తుంటే ఉడుతలు ఒక్కసారిగా కీచుకీచుమని అరిచి గప్‌చిప్ అయిపోయాయి. మునగచెట్టులోంచి ఏదో సర్రున దిగి ప్రహరీ మీద తొండని పట్టేసింది. సన్నటి పసుపు కాలితో దాన్ని అదిమిపెట్టి, ముక్కుతో ముక్క ముక్కగా లాగుతూ మధ్యమధ్యలో మా వైపు చూస్తోంది. తొండ తోక ఇంకా కొట్టుకుంటూనే ఉంది. తెల్లటి గుండె మీద ఇటుక రంగు అడ్డగీతలు ఎంత సన్నగా ఉన్నాయంటే, సన్న కుంచెతో గీసినట్టే. ఈలోగా పసుల పోలిగాడు, అదే తోక చీలిన నల్లపిట్ట, ఒకటి వెనకనించి వచ్చి నెత్తిన పొడవబోయింది. డేగ తొండని వదలకుండానే రెండు ఇళ్ళ సందులోంచి గోడవారగా వెళ్ళిపోయింది. గద్దలా ఆకాశంలో గిరికీలు కొట్టే రకం కాదిది, ఆకుల చాటున మాటేసి మీద పడే రకం.

పక్కింటావిడ అప్పటికే రాయి తీసింది, కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని. "తొండేగా వదినగారూ, తిననివ్వండి" అని మా అమ్మ ఆపింది. కోడిపిల్లలు గంప కింద ఉంటే దీంతో బాధే లేదు. డేగని చంపడం, పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

నా బాధంతా ఎలకల మందు గురించే. మా వీధిలో ప్రతి ఇంట్లో అది ఉంది. బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. లోపల రక్తం గడ్డకట్టక, నీరసించి, రోజుల తరబడి బయట తూలుతూ తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకీ డేగకీ ఆ విషమే ఎక్కుతుంది. బోను పెట్టండి, ధాన్యం డబ్బాలకి మూతలు పెట్టండి, మందు మాత్రం వద్దు. ఇక అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళు ముందు కొట్టేది వేపచెట్టునే, ఆ తర్వాత పక్షులేవీ రావట్లేదంటారు!

ఒక్క సంగతి చూసుకోండి. డేగలాగే కనిపించే కోకిల జాతి పిట్ట ఒకటుంది, అదే సైజు, తోక మీద అవే పట్టీలు. దాని ముక్కుకి మాత్రం కొక్కెంలాంటి వంపు ఉండదు. మీరు వంకర ముక్కు అన్నారు కాబట్టి నాకు అనుమానం లేదు. ఫొటో ఉంటే ఇక్కడ పెట్టండి, గుండె మీద గీతలు అడ్డంగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా చూద్దాం. నిలువుగా, గోధుమ రంగులో ఉంటే అది ఇంకా ఎదగని డేగ, దాని కళ్ళు కూడా పసుపే.