ఇక్థియోసార్ల పేర్లు మార్చితే వాటి అంతం గురించి మనకున్న అభిప్రాయం మారుతుందా?

అడిగినవారి సందేహం ఇది: చేప ఆకారంలో ఉండే ఇక్థియోసార్లు డైనోసార్ల కంటే ఎంతో ముందే ఎందుకు అంతరించాయి, పరిశోధకులు వాటి పేర్లను మాటిమాటికీ మార్చడం ఆ కారణం తెలుసుకోవడానికి ఏ విధంగా పనికివస్తుంది? నేను శిలాజ పరిశోధకుణ్ణి కాను. హైదరాబాదులోని ఒక కళాశాల భూగర్భశాస్త్ర విభాగంలో చాలా ఏళ్ళు నమూనాల బీరువాలు చూసుకున్నవాణ్ణి. పేరు మార్చబోయి నేను చేసిన ఒక పొరపాటు వల్లనే ఈ రెండు ప్రశ్నల మధ్య సంబంధం నాకు బోధపడింది కాబట్టి రాస్తున్నాను.

మా బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూసి వచ్చిన పిల్లలు పాతకాలపు పెద్ద జంతువులన్నిటినీ డైనోసార్లనే అంటారు. ఇక్థియోసార్లు డైనోసార్లు కావు. నేల నుంచి తిరిగి సముద్రం చేరి, గాలి పీల్చుకుంటూ, నీటిలోనే పిల్లలను కన్న సరీసృపాలవి. ఇవి సుమారు 25 కోట్ల ఏళ్ళ క్రితం కనిపించి, 9.4 కోట్ల ఏళ్ళ క్రితం, క్రెటేషియస్ కాలంలో సెనోమానియన్ దశ ముగిసేసరికి కనుమరుగయ్యాయి. పక్షులు కాని డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ళ క్రితం. మధ్యలో 2.8 కోట్ల ఏళ్ళ తేడా ఉంది కనుక డైనోసార్లను తుడిచిపెట్టిన ఆ ఉల్కను ఇందులోకి లాగే వీలు లేదు.

ఇక మా బీరువా సంగతి. అడుగు అరలో ఒక అట్టపెట్టె, అందులో తమిళనాడులోని తిరుచిరాపల్లి వైపు క్రెటేషియస్ పొరల నుంచి ఎన్నడో ఒక అధ్యాపకుడు తెచ్చిన ఐదు వెన్నుపూసలు ఉండేవి. చేతిలోకి తీసుకుంటే ఒక్కొక్కటీ ఇరానీ చాయ్ సాసర్లు రెండింటిని వీపుకు వీపు ఆనించి అంటించినట్టు ఉంటుంది: గుండ్రన, బాగా పొట్టి, రెండు వైపులా గుంట. ఒకదాని గుంటలో జిప్సం పలుకులు ఇంకా మెరుస్తూనే ఉండేవి. వాటి కింద పసుపు రంగుకు తిరిగిన కాగితం మీద నల్ల సిరాతో ‘ఇక్థియోసారస్ ఇండికస్’ అనీ, దాని కింద ఊరి పేరు, వాగు పేరు, ఏ పొరలో ఎంత ఎత్తున దొరికిందీ రాసి ఉండేవి. ఆ జాతి పేరు 1879లో రిచర్డ్ లిడెక్కర్ ఇలాంటి వెన్నుపూసలనే చూసి పెట్టినది.

అప్పటి పాఠ్యపుస్తకాల ప్రకారం క్రెటేషియస్ కాలపు ఇక్థియోసార్లన్నీ ఇంచుమించు ఒకే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు), ప్లాటిప్టెరిజియస్‌కు చెందుతాయి. కనుక నేను కొత్త అట్టముక్క మీద చక్కని అక్షరాలతో ‘ప్లాటిప్టెరిజియస్’ అని రాసి, పాత కాగితాన్ని చించి పారేశాను. శుభ్రం చేశానని మురిసిపోయాను కూడా.

ఆ ప్రజాతి నిజానికి ఒక కలగూరగంప. ఆ ప్రజాతి పేరు ఏ జాతి మీద నిలిచి ఉందో ఆ ఆధార జాతికి మూలమైన నమూనా జర్మనీలో దొరికింది. 1907లో వర్ణించిన ఆ నమూనా రెండో ప్రపంచయుద్ధంలో నాశనమైపోయింది, పోల్చుకోవడానికి పాత వర్ణనలే మిగిలాయి. 1972లో క్రిస్ మెక్‌గోవన్ క్రెటేషియస్ జాతులన్నిటినీ ఆ ఒక్క పేరు కిందికే చేర్చాడు. చేతికందిన ముక్కలు అంత తక్కువగా ఉన్నప్పుడు అది అర్థం లేని పని కాదు. చిక్కంతా తరువాత వచ్చింది. క్రెటేషియస్‌కు ముందరి జురాసిక్ కాలంలో ఎన్నో ప్రజాతులు, క్రెటేషియస్‌లో ఒక్కటే అని లెక్క తేలేసరికి, ఈ జీవులు అప్పటికే మంచం పట్టాయనీ, చివరి దెబ్బ నామమాత్రమేననీ అందరూ అనుకున్నారు. క్షీణత అని మనం పిలిచినదానిలో ఎంతో కొంత మన లేబుళ్ళ నుంచి పుట్టిందే.

గత పదిహేనేళ్ళలో ఆ గంపను విప్పి చూశారు. 2012లో ఇంగ్లండు, జర్మనీ నమూనాలతో అకాంప్టోనెక్టెస్ అనే ప్రజాతిని వర్ణించినప్పుడు, జురాసిక్ ముగింపును ఇక్థియోసార్లు పెద్ద నష్టం లేకుండానే దాటాయని తేలింది. రష్యాలో దొరికిన సింబిర్‌స్కియాసారస్‌ను లోగడ ప్లాటిప్టెరిజియస్‌లో కలిపేశారు. నాసికా రంధ్రాన్ని ఒక ఎముక స్తంభం రెండుగా విడదీయడం వంటి లక్షణాలు చూసి 2014లో దాని పేరు దానికి తిరిగి ఇచ్చారు. అదే గంపలో ఉన్న కొలంబియా జంతువు 2021లో కిహిటిసుకా అనే వేరే ప్రజాతి అయింది. దాని నోట్లో రకరకాల పళ్ళున్నాయి, అవి పెద్ద ఎరను పట్టి కోయడానికి తగినవి. ఈ విభజన కోసం చూసేది భుజపుటెముక కింది అంచున ఎన్ని కీలు ముఖాలున్నాయి, పంటి మూలం అడ్డుకోత ఏ ఆకారంలో ఉంది, పుర్రె వెనుక ఎముక ఎలా ఉంది అన్నవి. వెన్నుపూసలు వీటిలో దేనికీ సాక్ష్యం చెప్పవు. అందువల్లనే లిడెక్కర్ ‘ఇండికస్’ సందిగ్ధ నామాల, అంటే ఏ జంతువుదో తేల్చలేని పేర్ల, జాబితాలో పడింది.

అయితే క్షీణత పూర్తిగా భ్రమ అని నేను అనను. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెంటిన్ ఫిషర్ బృందం 2016లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం క్రెటేషియస్ ఇక్థియోసార్లలో వైవిధ్యం బాగానే ఉంది, కానీ కొత్త రూపాలు పుట్టే వేగం చాలాకాలంగా మందగించి ఉంది. అంతరించడం ఒక్కసారిగా కాక రెండు విడతలుగా జరిగింది: సెనోమానియన్ మొదట్లో మెత్తని ఎరను తినేవీ, రకరకాల ఎరను తినేవీ పోయాయి, చివరలో మిగిలిన పెద్ద వేటజంతువులు పోయాయి. సముద్ర మట్టం, ఉష్ణోగ్రత తీవ్రంగా ఒడిదుడుకులైన కాలాలతో ఈ నష్టం సరిపోలుతోంది. ఆ దశ ముగింపులోనే సముద్రపు లోతుల్లో ప్రాణవాయువు కొరవడి నల్లని బురదరాయి పేరుకుంది. మొసాసార్లనే మరో రకం సముద్ర సరీసృపాలు వీటిని తరిమేశాయన్న కథ నాకు ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే అవి మహాకాయాలైంది ఇక్థియోసార్లు పోయిన తరువాతే. మెత్తని బెలెమ్నైట్లు (స్క్విడ్ లాంటి సముద్రజీవులు) దొరక్క ఆకలితో చచ్చాయన్న వాదం కూడా గట్టిది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దొరికిన ఒక గర్భిణి ఇక్థియోసార్ కడుపులో చేపలతో పాటు తాబేలు పిల్లలు, ఒక పక్షి ఎముకలు కూడా ఉన్నాయి.

ఈ రెండు విడతల సంగతే నా తప్పును నాకు చూపించింది. కొన్నేళ్ళ క్రితం మా విభాగానికి వచ్చిన ఒక పరిశోధకురాలు ఆ వెన్నుపూసలను తిప్పి తిప్పి చూసి, పేరు సంగతి అడగనే లేదు.

“ఇవి ఏ పొరలోవండీ?” అన్నారు.

సెనోమానియన్ అడుగుభాగంలోవా, పైభాగంలోవా అన్నది తెలిస్తే, మొదటి విడత నష్టం తరువాత కూడా దక్షిణ భారత సముద్రంలో ఈ జీవులు ఉన్నాయో లేవో చెప్పడానికి అవి సాక్ష్యమయ్యేవట. ఎముకకు అంటుకున్న మట్టిలోని సూక్ష్మజీవుల పెంకుల వల్ల కాలం తేల్చవచ్చునేమోనని ఆవిడ వెతికారు. శుభ్రం చేసే ఉత్సాహంలో ఆ మట్టినీ నేనే బ్రష్షు పెట్టి కడిగేశాను.

ఇప్పుడు ఆ పెట్టెలో రెండు అట్టముక్కలున్నాయి. ఆవిడ రాసినది ‘ప్లాటిప్టెరిజియీనే ఉపకుటుంబం కావచ్చు, ప్రజాతి అనిర్ధారితం’. దాని కింద నేను రాసినది ‘పొర తెలియదు; మూల లేబుల్ పోగొట్టబడింది’.