పరీక్షలన్నీ నార్మల్... మరి కడుపునొప్పి ఎందుకు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రోజూ గుంటూరు నుంచి విజయవాడకు బస్సులో ఉద్యోగానికి వెళ్లొస్తాను. ఏడాదిగా పొద్దున్నే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. బస్టాండుకు బయల్దేరేలోపు మూడుసార్లు విరేచనానికి వెళ్లాలి. వెళ్లొస్తే తగ్గుతుంది. ఆదివారం ఏ బాధా ఉండదు. రక్తపరీక్షలు, కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) నార్మల్. డాక్టరుగారు ఐబీఎస్ (పరీక్షల్లో ఏ లోపమూ కనబడకుండానే కడుపునొప్పి, విరేచనాల తేడాలు ఉండే పేగుల సమస్య) అని చెప్పి, రాత్రికి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు. మందుల షాపులో అది డిప్రెషన్ మందన్నారు. నాకు మానసిక జబ్బా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదండీ. మీ నొప్పి నిజమైనదే, ఊహ కాదు. నరాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో 90 శాతానికి పైగా తయారయ్యేది పేగుల్లోనే. పేగుల కదలికను నడిపించేదీ, అక్కడి సంగతులు నరాలకు అందించేదీ అదే. ఆందోళన పడినప్పుడు మెదడు విడుదల చేసే సీఆర్ఎఫ్ అనే రసాయనం జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి, పెద్దపేగును పరుగెత్తిస్తుంది. అందుకే ఒకపక్క కడుపు బరువు, ఇంకోపక్క విరేచనాలు. ఆదివారం ఆ తొందర లేదు కాబట్టి బాధా లేదు.

డిప్రెషన్‌కు అమిట్రిప్టిలిన్‌ను ఇంతకు ఎన్నో రెట్ల మోతాదులో వాడతారు. 10 మి.గ్రా. మోతాదు పేగుల నొప్పి నరాలను శాంతింపజేయడానికి, విరేచనాల జోరు తగ్గించడానికి. గుణం కనిపించడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయకండి. నోరు ఎండటం, పొద్దున మత్తు ఉంటే పడుకునే ముందు కాకుండా ఓ రెండు గంటలు ముందే వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. గుండె జబ్బు, గ్లకోమా (కంటినరం దెబ్బతినే జబ్బు), గర్భం ఉంటే ముందే చెప్పాలి.

బయల్దేరేముందు దారిలో ఇబ్బందవుతుందని టిఫిన్ మానేసి, పరగడుపున కాఫీ మాత్రం తాగుతుంటే అది మానండి. కాఫీయే పెద్దపేగును లేపుతుంది. ముప్పావుగంట ముందు లేచి, రెండు ఇడ్లీలు తిని, ఇరవై నిమిషాలు కూర్చోండి. తిన్నాక పేగు కదలడం సహజం, ఆ పని ఇంట్లోనే అయిపోతుంది. కారప్పొడి మధ్యాహ్నానికి మార్చండి. మిరప ఘాటు తగిలేది నొప్పి నరాలకే, మీ పేగుల్లో అవి ఇప్పటికే ఉలిక్కిపడుతున్నాయి.

ఇసబ్‌గోల్ (నీటిని పీల్చుకుని విరేచనాన్ని గట్టిపరిచే పీచు పొట్టు) ఒక చెంచా, నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి. ఆగితే జిగురుముద్దయి గొంతుకు అడ్డం పడుతుంది. వారం తర్వాత రెండు చెంచాలు. మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

బస్సులో చెయ్యి పొట్టమీద పెట్టి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పైకి లేవాల్సింది ఛాతీ కాదు, పొట్ట.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనం: వీటిలో ఏది కనిపించినా పాత రిపోర్టులు నార్మల్ కదా అని ఊరుకోక, డాక్టరును మళ్లీ కలవండి.