మిత్తి ఎంతని కాదు, షాపు మూస్తే ఏం తింటారు?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాను): నా వయసు 34. వరంగల్ ములుగు రోడ్డు పక్కన ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. పాత కార్లలో స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ చెడిపోయి అది దొరక్క, అదే ఇంజన్ ఉన్న వేరే ఏడాది మోడల్‌ది వేసుకునేవాళ్లకు వైరింగ్ అడాప్టర్లు చేసిస్తున్నాను. నెలకు 12 పోతాయి, ఒక్కోదానిపై 600 మిగులుతుంది. ఆరు మోడళ్లకు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), పిన్నులు ఢిల్లీ నుంచి హోల్‌సేల్‌లో తెప్పించి, టెస్టింగ్ బెంచ్ పెట్టుకోవడానికి లక్షా 80 వేలు కావాలి. గిరిగిరి అప్పులిచ్చేవాళ్లు లక్ష ఇస్తామంటున్నారు. చేతికి 88 వేలు, రోజుకు వెయ్యి చొప్పున 100 రోజులు కట్టాలి. మిగతాది నా భార్య బంగారం కుదువ పెట్టి తెద్దామనుకుంటున్నా. లేక లక్ష రూపాయల చిట్టీ ఉంది, ఇంకా 8 నెలలుంది, అది పాడుకోవాలా? అన్నీ కలిపి నెలకు 40 వేలు వస్తాయి. ఇల్లు, షాపు కిరాయి, చిట్టీ కలిపి 35 వేలు పోతాయి. బ్యాంకులో 11 వేలున్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అప్పు గురించినది కాదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు మీ షాపు తొమ్మిది రోజులు మూసి ఉందని, అప్పుడు బావమరిది దగ్గర 15 వేలు తెచ్చుకున్నానని, అది మొన్ననే తీర్చానని చివర్లో రాశారు. తొమ్మిది రోజులకే ఇంకొకరి ముందు చేయి చాచాల్సి వచ్చింది. అయినా ఇప్పుడు అడుగుతున్నది ఏ అప్పు మేలని! మెకానిక్కులు, టైలర్లు, కిరాణం వాళ్లు నాకు రాసేవాటిలో సగానికి సగం ఇలాగే ఉంటాయి. అందుకే మీ ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ముందు గిరిగిరి సంగతి తేల్చేద్దాం. 12 వేలే కదా పోయేది, నూటికి 12 అనుకుంటున్నారు. కాదు. రెండో రోజు నుంచే అసలు తిరిగి కడుతూ పోతారు కాబట్టి ఆ 100 రోజుల్లో సగటున మీ చేతిలో ఉండేది అందులో దాదాపు సగమే. ఆ లెక్కన నెలకు నూటికి ఏడున్నర రూపాయలకు పైనే మిత్తి. ఏడాదికి చూస్తే 90 శాతం దాటుతుంది. అడాప్టర్ చేసేటప్పుడు వైరు రంగును నమ్మనని, తాళం తిప్పితే 12 వోల్టులు వచ్చేది ఏదో, ఎర్త్ ఏదో, పికప్ సిగ్నల్ ఏదో మీటర్ పెట్టి చూశాకే కలుపుతానని మీరే రాశారు. అప్పు దగ్గరికొచ్చేసరికి ఆ మీటర్ ఎక్కడ పెట్టారండీ?

నెలకు 30 వేలు కిస్తీ. మీకు మిగిలేది 5 వేలు. మిగతా 25 వేలకు ఇప్పుడు పోతున్న 12 కాక ఇంకో 42 అడాప్టర్లు అమ్మాలి. ఒక్కోదానికి మూడు గంటలు పడుతుందన్నారు. రిపేరుకొచ్చిన బళ్లను ఎవరు చూస్తారు? పైగా ఆ 40 వేలు మేడారం జాతర ముందు గిరాకీ ఉన్న నెలది కాదనే అనుకుంటున్నాను.

మీ పనిలోనే ఉన్న ఇంకో ఖర్చు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒక అడాప్టర్‌లో రెండు వైర్లు తారుమారై కస్టమర్ ఇగ్నిషన్ మాడ్యూల్ కాలిపోతే ఎవరు కడతారు? మీరే. ఆ 11 వేల నుంచే. ఇప్పటి ఇంజన్లలో డిస్ట్రిబ్యూటరే ఉండదు, చాలావాటిలో కాయిళ్లు నేరుగా స్పార్క్ ప్లగ్గుల మీదే కూర్చుంటాయి. మారుతి 800 తయారీ కూడా 2014లోనే ఆగిపోయింది. ఆరు మోడళ్ల కప్లర్లు డబ్బాల్లో నింపి కూర్చుంటే వాటిలో ఎన్ని కదులుతాయి?

మీరు చేసే వస్తువు నాకు నచ్చింది. ఒక వైపు పాతదాని కప్లర్, ఇంకో వైపు కొత్తదానిది, మధ్యలో జానెడు వైరు. బండి అసలు వైరింగ్ మీద కత్తెర పడదు. రేపు పాత డిస్ట్రిబ్యూటర్ దొరికితే పీకేసి మళ్లీ బిగించుకోవచ్చు. ఇంటి డబ్బుకు, షాపు డబ్బుకు మధ్య కూడా అలాంటిదొకటి కావాలి. మీరేమో నేరుగా ఇంటి వైరు కోసి షాపుకు కలుపుతున్నారు.

కాబట్టి చిట్టీ ఇప్పుడు పాడొద్దు, చివరి దాకా ఉంచండి. కమీషన్ నూటికి ఐదైతే అది పోను 95 వేలు వస్తాయి. రోజుకు 150 చొప్పున, నెలకు 26 రోజులు పక్కన పెడితే 8 నెలల్లో 31,200. ఉన్న 11 వేలు కలిపితే 1,37,200. నాలుగు నెలల ఖర్చు లక్షా 40 వేలు కదా, దాదాపు సరిపోయింది. ఈ డబ్బు షాపుది కాదు. కప్లర్లు చవగ్గా వచ్చాయని, ఎవరో అడ్వాన్సు అడిగారని దీన్ని ముట్టుకోవద్దు. షాపు మూతపడితేనో, చెయ్యి కాలితేనో, ఇంట్లో ఎవరైనా మంచం పడితేనో తీయాలి. ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది కదా అంటారు. ఉంది, కార్డుంటే వాడుకోండి. అది ఆసుపత్రి బిల్లు కడుతుంది, మీరు మంచం మీదున్న నెల షాపు కిరాయి కట్టదు. ప్రమాదాలకు ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, ప్రాణానికి 436 రూపాయల జీవన్ జ్యోతి బీమా మీ ఖాతా ఉన్న బ్యాంకులో ఈ వారమే రాయించుకోండి.

అడాప్టర్ల పని ఆపమనడం లేదు. ఎక్కువ అడిగే ఒకట్రెండు మోడళ్లే పెట్టుకోండి. ఆర్డరుకు సగం ముందే తీసుకుని ఆ డబ్బుతోనే సామాను తెప్పించండి. వైరుకు పిన్ను నొక్కి బిగించే మంచి క్రింపింగ్ ప్లయర్ ముందు కొనండి, బెంచ్ తర్వాత. తప్పదనుకుంటే చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. బ్యాంకులో బంగారం మీద రూపాయి మిత్తి లోపే దొరుకుతుంది, కానీ ఆ నాలుగు నెలల డబ్బు జమ కాకముందు మీ భార్య బంగారం బయటికి తీయొద్దు.

రోజూ 150 వేసే ఖాతా వేరే బ్యాంకులో తెరవండి. దానికి ఫోన్‌పే కలపొద్దు. ఏటీఎం కార్డు మీ భార్య దగ్గరే, ఆ బంగారం ఉన్న బీరువాలోనే పెట్టండి.