మబ్బుల్లో మిస్సైల్ ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: యుద్ధవిమానాల వీడియో గేమ్ ‘ఏస్ కాంబాట్ 7’లో మబ్బుల్లోంచి కొడితే మిస్సైల్ తగలడం లేదు. కాసేపటికి అద్దం మీద మంచు పట్టి విమానం మాట వినడం లేదు. ల్యాప్‌టాప్ లోపమా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి (గజపతి జిల్లా)

జవాబు: ల్యాప్‌టాప్‌ను అనుమానించకండి. 2019లో వచ్చిన ఈ ఆటలో మబ్బు ఉత్త అలంకారం కాదు. అందులో మిస్సైల్ గురి సడలుతుంది. ఎక్కువసేపుంటే మంచు పట్టి విమానం తిరగడం మందగిస్తుంది. బయటికొస్తే కాసేపట్లో వదులుతుంది. కాబట్టి మబ్బును దాక్కోడానికే వాడండి. వెనక మిస్సైల్ తరుముతుంటే దూరండి. కొట్టేది మాత్రం బయటే, శత్రువు మలుపు ముగించి తిన్నగా వెళ్లే క్షణంలో. లాక్ పడగానే (శత్రువు మీద గురి కుదరగానే) తొందరపడొద్దు, ఇంకా దగ్గరికి వెళ్లాకే వదలండి.

పదునైన మలుపుకి యాక్సిలరేటర్, బ్రేకు కలిపి నొక్కాలి. దీంతో వేగం బాగా పడిపోతుంది. అలాగే పట్టుకుంటే స్టాల్ అయి (గాల్లో నిలిపే బలం తగ్గి) ముక్కు వాలుతుంది. అప్పుడు పైకి లాగకండి. ముక్కు కిందికే ఉంచి పూర్తి వేగం ఇచ్చి, పుంజుకున్నాక ఎత్తండి. నేలకి దగ్గర్లో ఈ మలుపు వద్దే వద్దు. కంట్రోల్స్ ‘స్టాండర్డ్’లో ఉంటే ‘ఎక్స్‌పర్ట్’కి మార్చండి. మొదట్లో కష్టమే, కానీ విమానాన్ని ఒరిగించడం పూర్తిగా మీ చేతికి వస్తుంది.

కరెంటు పోయినప్పుడు మాత్రమే ఆట తడబడుతుంటే అది వేరే సంగతి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్ తన వేగం తగ్గించుకుంటుంది.