'గో' పుట్టుక గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

'గో' అనే ఇంగ్లీషు క్రియ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. రెండో పేరాలోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మిగతాది చదవడానికి మరునాటి దాకా మనసు రాలేదు. "మన గమ్ ధాతువే సముద్రాలు దాటి ఇంగ్లీషువాళ్ళ గో అయింది, దీనికి వేరే రుజువు అక్కరలేదు, చెవికే తెలిసిపోతుంది" అని రాశావు. నువ్వు అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి గాని, ఈ ఉత్తరం మాత్రం ఆ ఒక్క వాక్యం రాయించింది.

అమ్మా, మాటల పుట్టుక దగ్గర చెవి సాక్ష్యం చెల్లదు. వేల ఏళ్ళ కిందట విడిపోయిన రెండు భాషల్లో రెండు మాటలు అచ్చంగా ఒకేలా వినిపిస్తున్నాయంటే అవి చుట్టాలు కావేమోనని ముందు అనుమానించాలి. ధ్వనులు మారుతాయి, అందులోనూ ఒక వరస ప్రకారం మారుతాయి. సంస్కృతంలో గ ఉన్నచోట ఇంగ్లీషులో సాధారణంగా క ఉంటుంది. గోవు వాళ్ళకు కౌ. కాడి అనే అర్థంలోని యుగం వాళ్ళకు యోక్. జ్ఞా ధాతువుకు సాటిగా వాళ్ళకున్న 'నో', మోకాలనే అర్థమున్న జానుకు సాటిగా ఉన్న 'నీ', ఈ రెండింటిలోనూ క ఇప్పుడు పలుకులో లేకపోయినా రాతలో కళ్ళెదుటే ఉంది. ఈ వరసను డెన్మార్కుకు చెందిన రాస్క్ 1818లో గుర్తిస్తే, జర్మనీలో యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా నిలబెట్టాడు. ఆ సూత్రం ప్రకారం గమ్ ధాతువుకు ఇంగ్లీషులో ఏ రూపం ఉండాలో నువ్వే ఆలోచించు. 'కమ్' ఉండాలి. అదే ఉంది. నువ్వు 'వెళ్ళు' ఇంటి ముందు వెతికిన చుట్టం 'రా' అనే ఇంటిలో కాపురం ఉంది. ఇందులో వింత లేదు. పాత ధాతువులో ఉన్నది అడుగు వేసి కదలడం మాత్రమే. ఆ కదలిక ఇటా అటా అన్నది ఒక్కొక్క భాష తర్వాత తేల్చుకుంది. సంస్కృతమే 'ఆ' అనే ఉపసర్గ చేర్చి గమనాన్ని ఆగమనంగా తిప్పుకుంది కదా.

అయితే గో ఎవరి బంధువు? ఇంగ్లీషులో పదం మొదట గ ఉంటే సంస్కృతంలో కొన్నిచోట్ల హ కనిపిస్తుంది. మన హంస వాళ్ళ గూస్. ఆ దారిన వెళ్ళిన పండితుల్లో చాలామంది గో పక్కన హా ధాతువును పెడతారు. జహాతి అంటే విడిచిపెడతాడు, జిహీతే అంటే బయలుదేరతాడు. మనం రోజూ వాడే హీనం, హాని అనే మాటలు ఈ హా నుంచి వచ్చినవే. గో అనే మాటకు హాని అనే మాట దూరపు బంధువని నువ్వు రాసి ఉంటే నీ పాఠకుడు కుర్చీలోంచి లేచి కూర్చునేవాడు. నువ్వు మాత్రం చెవిని నమ్మావు.

'మన గమ్ వెళ్ళి గో అయింది' అనడంలో ఇంకో దోషం ఉంది. ఇంగ్లీషు న్యాయమూర్తి, సంస్కృతం నేర్చిన పండితుడు విలియం జోన్స్ 1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ ముందు చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల క్రియాధాతువుల్లోనూ వ్యాకరణ రూపాల్లోనూ ఉన్న పోలికను చూపించి, అవి ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలం బహుశా ఇప్పుడు లేదనీ అన్నాడు. సంస్కృతం వాటికి తల్లి అని అనలేదు. అక్కచెల్లెళ్ళలో ఒకరిని పట్టుకుని రెండోవారికి తల్లిని చేయడం ఈమధ్య మన పత్రికల్లో ఒక మోజుగా మారింది. ప్రపంచంలోని ప్రతి మాటనూ మన ఇంటి గడప దాటి వెళ్ళినదిగా చూపిస్తే తప్ప మన గౌరవం నిలవదన్నట్టు రాస్తున్నారు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. తెలుగు గొప్పదనానికి గాని సంస్కృతం గొప్పదనానికి గాని ఇంగ్లీషు పుట్టుకతో పని లేదు.

నువ్వు వేదంలోని మాటల వ్యుత్పత్తి చెప్పిన ప్రాచీనుడు యాస్కుణ్ణి సాక్షిగా పిలిచావు. ఆయన తన గ్రంథం నిరుక్తంలో ఆవు అనే అర్థమున్న గో శబ్దాన్ని గమనార్థంతో కలిపి చెప్పిన మాట నిజమే. అయితే ఆయన చెప్పినది సంస్కృతంలోని గో గురించి, అది కూడా వేదమంత్రాల్లో అర్థం తేల్చుకోవలసిన అవసరం కోసం. ఆయనను తెచ్చి ఇంగ్లీషు క్రియ పక్కన నిలబెట్టడం ఆయనకు మర్యాద కాదు.

ఇప్పుడు నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన విషయానికి వస్తాను. ఈ క్రియలో అసలైన కథ అక్కడ ఉంది. గో అన్నదానికి భూతకాలం 'వెంట్' ఎందుకయిందో నువ్వు "ఇంగ్లీషు విచిత్రమైన భాష" అనేసి వదిలేశావు. విచిత్రం అన్న మాట రచయిత పని మానుకున్నచోట రాసే మాట. పాత ఇంగ్లీషులో వెళ్ళడానికి 'గాన్' అనీ, దాని భూతకాలానికి 'ఎయొదె' అనీ వాడేవారు. అంటే అప్పటికే వర్తమానం ఒక ధాతువుది, భూతం ఇంకొక ధాతువుది. 'వెంట్' అప్పుడు వేరే క్రియ సొత్తు. తిరగడం, మళ్ళడం అనే అర్థమున్న 'వెండ్' అనే క్రియకు అది భూతకాల రూపం. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కవిత్వంలో ఎయొదె సంతతి అయిన 'యెడె', ఈ 'వెంటె' రెండూ కనిపిస్తాయి. 15వ శతాబ్దం గడిచేసరికి దక్షిణ ఇంగ్లండులో యెడె మరుగున పడి, వెంట్ పూర్తిగా గో ఇంటికి చేరిపోయింది. ఉత్తరాదిన, స్కాట్లండులో మాత్రం గో నుంచే 'గేడ్' అనే భూతకాలాన్ని చేసుకున్నారు. భూతకాలాన్ని పోగొట్టుకున్న వెండ్ 'వెండెడ్' అని కొత్త రూపం తెచ్చుకుని, దారిన సాగిపోవడాన్ని చెప్పే ఒక పలుకుబడిలో నేటికీ ఉంది. 'బీ' క్రియ సంగతి ఇంతకన్నా గొప్పది. ఆమ్, ఈజ్ అనేవి అస్మి, అస్తి అనేవాటికి సోదరులు. బీ భవతికి, వాజ్ వసతికి బంధువులు. మూడు ధాతువులు కలిసి ఒక్క క్రియగా బతుకుతున్నాయి. అత్యంత ఎక్కువగా నోట్లో నలిగే క్రియలకే ఇది జరుగుతుంది. పిల్లలు ఆ రూపాలను నియమం నేర్చుకోకముందే కంఠస్థం చేసేస్తారు కాబట్టి, ఆ తర్వాత నేర్చిన నియమం వాటిని సరిదిద్దలేదు.

తెలుగు చదువరికి ఇది చెప్పేటప్పుడు మన 'వచ్చు', 'రా' జంటను తప్పకుండా పక్కన పెట్టాలి. వస్తాడు, రాడు. చూడగానే గో, వెంట్ లాగే రెండు వేర్వేరు ధాతువులనిపిస్తాయి. కానీ తమిళంలో వరు, కన్నడంలో బరు చూశాక, ఇరండు రెండయిన తీరు, ఉరల్ రోలయిన తీరు గుర్తు చేసుకుంటే, మొదటి అచ్చు వెనక్కి జరిగి 'వర' కాస్తా 'వ్రా' అయి, చివరికి 'రా'గా మిగిలిందని తేలుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువుల మీద 1961లో వెలువరించిన గ్రంథం చదివితే ఈ దారి అంతా కనిపిస్తుంది. వేరుగా కనిపించే మన రెండు రూపాలు ఒక్కటే, ఒక్క క్రియగా కనిపించే వాళ్ళ రెండు రూపాలు వేరు. చెవి ఈ రెండుచోట్లా తప్పే చెబుతుంది.

ఈ వచ్చు, రా సంగతినే నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ బతికే రోజుల్లో వ్యాసంగా రాశాను. ఇంటికి ఇవ్వని పుస్తకాలను గ్రంథాలయంలోనే కూర్చుని చదివి, ప్రూఫు కాగితాల ఖాళీ అంచులు కత్తిరించి వాటి మీద ఉదాహరణలు ఎత్తి రాసుకున్నాను. ఒక పత్రిక సంపాదకుడు ఆ ఉదాహరణలన్నీ "పాఠకుడికి విసుగు" అని కొట్టేసి, మధ్యలో మెట్లన్నీ తీసేసి, తెలుగు క్రియలన్నీ సంస్కృతం నుంచే వచ్చాయనే అర్థం వచ్చే శీర్షిక పెట్టి అచ్చు వేశాడు. నేను రాసినదానికి అది నేరుగా విరుద్ధం. 1816లో కాంబెల్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో, మద్రాసు అధికారి ఎల్లిస్ తెలుగు ధాతువులను సంస్కృత ధాతువుల పక్కన, తమిళ కన్నడ ధాతువుల పక్కన పేర్చి తెలుగు తమిళ కన్నడాల కుటుంబానిదని చూపించాక, అంత కాలానికి మన పత్రికలోనే ఆ శీర్షిక రావడం నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. పాఠకుడికి తేదీలంటే విసుగని చెప్పే సంపాదకులు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ మాట వినవద్దు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రీ తన తోటలో ఇనపరేకుల షెడ్డు వేసుకుని, దేశదేశాల నుంచి మామూలు చదువరులు పంపిన చీటీలను గూళ్ళలో పేర్చి, ప్రతి అర్థానికీ తేదీతో సహా వాక్యాన్ని చూపించిన నిఘంటువు తొలి సంచిక 1884లో వచ్చింది. ఆయన 1915లో పోయాక, 1928లో గాని అది పూర్తి కాలేదు. ఆ చీటీలు పంపినవాళ్ళు చదువరులే కదా, వాళ్ళకు విసుగు పుట్టలేదు.

అర్థాల దగ్గర మాత్రం నీ చెవి చక్కగా పనిచేసింది. మీ అమ్మమ్మగారు గడప దాటేవాళ్ళ చేత ఎప్పుడూ "వెళ్తాను" అనిపించకుండా "వెళ్ళొస్తాను" అనిపించేవారని రాసిన పేరా నన్ను కదిలించింది. దానిలో ఒక్క అక్షరం మార్చకు. 'పోయారు' అన్న మాటలో మనకున్న భయమే, 'వెళ్ళిపోయిన' అనే అర్థమున్న నేటి ఇంగ్లీషు 'గాన్'లోనూ ఉంది. మనకు పాలు విరిగిపోతాయి, వాళ్ళకు పాలు 'గో బ్యాడ్' అవుతాయి. స్పృహ మనకు పోతుంది, వస్తుంది. తెలివి వచ్చిన మనిషిని వాళ్ళు 'కేమ్ టు' అంటారు. మామూలు స్థితికి చేరడం రావడంగానూ, దాన్ని వదలడం పోవడంగానూ రెండు భాషలూ విడివిడిగానే చూశాయి.

భవిష్యత్తు సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు. షేక్స్‌పియర్ నాటకంలో వాలెంటైన్ తన ఉత్తరాలు తీసుకుపోవడానికి దూత కాచుకుని ఉన్నాడనీ, వాటిని ఇవ్వడానికి 'గోయింగ్' అనీ అంటాడు. అక్కడ అతను నిజంగా నడుస్తున్నాడు, ఇవ్వాలన్న ఉద్దేశమూ ఉంది. ఆ రెండూ అలా కలిసి ఉన్న వాక్యాల్లోంచి క్రమంగా నడక జారిపోయి ఉద్దేశం మిగిలింది, తర్వాత ఉద్దేశమూ పోయి కాలం మిగిలింది. అందుకే వాన గురించి కూడా ఇవాళ 'గోయింగ్ టు' అంటున్నారు. మనం 'కురవబోతోంది' అంటాం. చివర నకారమున్న కురవన్ అనే ద్రుతాంతం మీద పోవు చేరితే, పకారం బకారమయ్యే సరళాదేశం వల్ల బోవు అయింది. ఇంగ్లీషును చూసి మనమూ, మనలను చూసి వాళ్ళూ నేర్చుకోలేదు. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే ఆలోచన చేశాయి. నీ వ్యాసానికి ఇది ప్రాణం కావాలి.

కాబట్టి రెండో పేరా తీసేయి. వెంట్ కథకు రెండు పుటలు ఇవ్వు. ఎయొదె, యెడె, వెంట్ ఒక్కొక్కదానికి తేదీ ఉన్న వాక్యం ఒకటి వెతికి పెట్టు. 'కురవబోతోంది' వంటి ప్రయోగాలు మన ప్రాచీన కావ్యాల్లో నుంచి కొన్ని ఏరి, అవి నడకను చెబుతున్నాయా కాలాన్ని చెబుతున్నాయా అని విడదీసి చూడు. ఆ పని చేశాక కొత్త ప్రతిని నాకే ముందు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి