ఆఫీసు ఫోన్ వేరు, ఇంటి ఫోన్ వేరు అని ఉంటుందా? అనంతపురంలో రెండుసార్లు కొని తెలుసుకున్నది

మీ ప్రశ్న నేను రోజూ చేసే పనికి సంబంధించింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. కర్నూలులో విత్తనాల వ్యాపారం, 30 మంది ఫీల్డ్ స్టాఫ్, అందరికీ ఫోన్లు కొనాలి. ఆఫీసుల కోసం ఫోన్ కంపెనీలు విడిగా ఏమైనా చేస్తాయా, లేక షాపులో జనం కొనేవే కొనాలా, బ్లాక్‌బెర్రీ లాంటిది ఇప్పుడు ఎవరూ ఎందుకు చేయడం లేదు అని అడిగారు. నేను 2013 నుంచి 2018 దాకా అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక మొబైల్ షాపులో సేల్స్ చూశాను. తర్వాత ఒక డ్రిప్ ఇరిగేషన్ (బిందు సేద్యం) డీలర్ ఆఫీసులో చేరాను. అక్కడ 24 మంది ఫీల్డ్ కుర్రాళ్ళ ఫోన్ల బాధ్యత నాదే. ఇప్పటికి రెండుసార్లు కొన్నాం. మొదటిసారి పూర్తిగా తప్పు కొన్నాం.

ముందు సూటిగా చెప్తాను. మీ తమ్ముడు షాపులో కొనే ఫోనూ ఆఫీసుకు కొనే ఫోనూ చాలావరకు ఒకటే. తేడా అంతా ఫోన్ వెనక ఉండే విషయాల్లో ఉంటుంది: అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయి, మనిషి మానేస్తే ఫోన్ మళ్ళీ మన చేతికి పనికొచ్చేలా వస్తుందా, చెడిపోతే ఎక్కడికి తీసుకెళ్ళాలి. ఇవి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, ఎందుకంటే అక్కడ ఎవరూ అడగరు. ఐదేళ్ళలో నా దగ్గరికి వచ్చి "దీనికి సెక్యూరిటీ అప్‌డేట్ ఎన్నేళ్ళు ఇస్తారన్నా" అని అడిగిన కస్టమర్ ఒక్కరు కూడా నాకు గుర్తు లేరు.

బ్లాక్‌బెర్రీ సంగతి. నేను షాపులో చేరిన కొత్తలో తాడిపత్రి వైపు ఒక ఫ్యాక్టరీ నుంచి ఒక మేనేజర్ సార్ వచ్చేవారు. ఒక జేబులో బ్లాక్‌బెర్రీ, ఇంకో జేబులో ఆండ్రాయిడ్ ఫోన్. "ఇది కంపెనీది, మెయిల్స్‌కి. ఇది నాది" అనేవారు. పాప ఫోటోలు, వాట్సాప్, బ్యాంకు, పాటలు అన్నీ ఆ రెండో దాంట్లోనే. ఆ రెండు జేబులే బ్లాక్‌బెర్రీ కథంతా అని నాకు తర్వాత అర్థమైంది. కెనడా కంపెనీ అది, 1999లో మెయిల్ పరికరంతో మొదలుపెట్టి, మెయిల్ పంపిన క్షణంలోనే చేతిలో పడేలా చేసింది, సెక్యూరిటీ విషయంలో ఐటీ వాళ్ళు దాన్నే నమ్మారు. ఫోన్ ఎంచుకునేది కంపెనీ, వాడేది ఉద్యోగి. 2007లో ఐఫోన్ వచ్చింది, మరుసటి ఏడాదే అందులో ఆఫీసు మెయిల్ సర్వర్‌కు సపోర్టు ఇచ్చారు. ఇంకేముంది, పెద్ద సార్లు ఇంట్లో వాడే ఫోన్ తెచ్చి "దీంట్లోనే ఆఫీసు మెయిల్ పెట్టండి" అన్నారు, ఐటీ వాళ్ళు కాదనలేకపోయారు. 2013లో బ్లాక్‌బెర్రీ కొత్త సిస్టమ్‌తో వచ్చినా అప్పటికే ఆలస్యమైంది, 2016లో సొంతంగా ఫోన్లు తయారుచేయడం ఆపేసింది, 2022 జనవరిలో పాత ఫోన్ల సర్వీసులు కూడా మూసేసింది. అలా ఆఫీసుల్లోకి మామూలు జనం ఫోనే వచ్చేసింది.

జనం కోసం కంపెనీలు ఎలా కొట్లాడతాయో నేను కౌంటర్ వెనక నుంచి చూశాను. 2014 జూలైలో షావోమీ మన దేశంలోకి వచ్చి ఎంఐ 3ని ఫ్లిప్‌కార్ట్‌లోనే అమ్మింది. మా షాపుకు వచ్చి ఆ ఫోన్ ఉందా అని అడిగి, లేదంటే డబ్బులు మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఓనర్ గారికి అదొక పెద్ద టెన్షన్. మరుసటి ఏడాది మన శ్రీసిటీలోనే, ఫాక్స్‌కాన్ వాళ్ళ దగ్గర, రెడ్‌మీ 2 ప్రైమ్ తయారవడం మొదలైంది. ఒప్పో, వివో దారి వేరు. వాళ్ళు షాపులను పట్టుకున్నారు. బోర్డు వాళ్ళే కట్టించేవాళ్ళు, కౌంటర్ వాళ్ళే చేయించేవాళ్ళు, షాపులో నిలబడి అమ్మే ప్రమోటర్‌కు జీతం కూడా వాళ్ళదే. ఒకటి రెండేళ్ళలో సుభాష్ రోడ్డు సగం ఒప్పో ఆకుపచ్చగా, సగం వివో నీలంగా మారిపోయింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంకో దెబ్బ. ఆ సిమ్‌కు 4జీ ఫోన్ కావాలి, మా గోడౌన్‌లో 3జీ స్టాక్ కదలకుండా ఉండిపోయింది, అందులో ఎక్కువ మన దేశపు బ్రాండ్లవే. 2017 ఆఖరి మూడు నెలల అమ్మకాల్లో షావోమీ శామ్‌సంగ్‌ను దాటేసింది అనే వార్త వచ్చినప్పుడు మా షాపులో ఎవరికీ ఆశ్చర్యం వేయలేదు.

ఆ పోటీలో జనానికి లాభం జరిగింది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ పోటీ మొత్తం కెమెరా, బ్యాటరీ, రేటు, ఈఎంఐ చుట్టూ తిరిగింది. మాకు ఇన్సెంటివ్ యాక్టివేషన్ లెక్కన వచ్చేది, అంటే ఫోన్ అమ్మి సిమ్ వేసి ఆన్ అయితే లెక్క. ఏ వారం ఏ మోడల్ మీద ఎక్కువుంటే దాన్నే ముందు చూపించేవాళ్ళం. మీరు ఇప్పుడు 30 ఫోన్లకు షాపుకెళ్తే మీకూ అదే జరుగుతుంది, సేల్స్ కుర్రాడిని తప్పుపట్టడానికి ఏమీ లేదు, అతని జీతమే అలా ఉంటుంది. అందుకని ఏం కావాలో మీరే రాసుకుని వెళ్ళండి.

ఇప్పుడు మా తప్పు. 2020 చివర్లో 24 ఫోన్లు తీసుకున్నాం, ఒక్కోటి తొమ్మిది వేల లోపు. బ్రాండ్ పేరు చెప్పను. హోల్‌సేల్ రేటు బాగా వచ్చిందని సంబరపడ్డాం. మా పని ఏమిటంటే చీనీ (బత్తాయి) తోటలకీ బుడ్డల (వేరుశనగ) చేలకీ వెళ్ళి కొలతలు తీసి, లొకేషన్‌తో సహా ఫోటో తీసి అప్‌లోడ్ చేయాలి, రైతుతో మాట్లాడాలి. ఆరు నెలలకే 32 జీబీ నిండిపోయింది, వాట్సాప్ ఫోటోలతోనే. ఏడాది దాటేసరికి సెక్యూరిటీ ప్యాచ్‌లు రావడం ఆగిపోయాయి. ఏప్రిల్, మే నెలల్లో కళ్యాణదుర్గం వైపు ఎండలో బైక్ హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ వేడెక్కి కెమెరా దానంతట అదే ఆగిపోయేది, నాలుగు ఫోన్లకు బ్యాటరీలు ఉబ్బాయి. సర్వీస్ సెంటర్ ఊళ్ళో ఉందని కొన్నాం, ఏడాదిలోపే మూతపడింది, ఇక బెంగళూరుకు పంపాల్సి వచ్చింది, పంపితే మూడు వారాలు.

ఇవన్నీ డబ్బు నష్టం. అసలు నష్టం ఇంకోటి జరిగింది, అది మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఫోన్ నచ్చక కుర్రాళ్ళు దాన్ని బైక్ డిక్కీలో పెట్టి, రైతులతో సొంత ఫోన్ నుంచే మాట్లాడేవాళ్ళు. రైతుల నంబర్లు, తోటల ఫోటోలు, ఎవరికి ఎంత బాకీ అనే మెసేజ్‌లు అన్నీ వాళ్ళ సొంత ఫోన్లలోనే ఉండిపోయాయి. 2022లో ఒక కుర్రాడు వేరే డీలర్ దగ్గరికి మారాడు. మంచివాడే, నాకు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. కానీ నార్పల, గార్లదిన్నె మండలాల రైతుల నంబర్లన్నీ అతనితో వెళ్ళిపోయాయి, మా దగ్గర రిజిస్టర్‌లో ఉన్న సగం నంబర్లు పాతవి. అతను తిరిగిచ్చిన ఆఫీసు ఫోన్‌ను రీసెట్ చేస్తే గూగుల్ లాక్ పడింది. పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అతనికే గుర్తు లేదు. ఆ ఫోన్ ఇంకా నా టేబుల్ సొరుగులో ఉంది.

ఆ మేనేజర్ సార్ రెండు జేబులు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. మనిషికి నచ్చని ఫోన్ ఆఫీసు పేరుతో ఇస్తే దాన్ని పక్కన పెడతాడు, ఆఫీసు పని మొత్తం అతని సొంత ఫోన్‌లోకి జారుకుంటుంది. మీరు కొనబోయే 30 ఫోన్ల విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ఆ కుర్రాడు తన డబ్బుతో కొనుక్కున్నా ఇష్టంగా కొనుక్కునే ఫోన్ అయి ఉండాలి. రెండు మూడు వేలు ఎక్కువైనా సరే.

నంబర్లు, ఫోటోలు మన దగ్గర ఉండాలంటే వర్క్ ప్రొఫైల్ పెట్టించండి. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ 2015లో దీన్ని తెచ్చింది. ఒకే ఫోన్‌లో ఆఫీసు యాప్‌లు విడిగా ఉంటాయి, వాటి ఐకాన్ మీద చిన్న పెట్టె గుర్తు కనిపిస్తుంది. ఆఫీసు వైపు ఉన్నవే మనం చూడగలం, తీసేయగలం. అతని సొంత ఫోటోలు, మెసేజ్‌లు మనకు కనపడవు. ఇది కుర్రాళ్ళకు విడమరచి చెప్పాలి, మేం ఒక ఆదివారం అందర్నీ కూర్చోబెట్టి ఫోన్ తెరిచి చూపించాం, లేకపోతే "మా ఫోన్‌లో అన్నీ చూస్తారంట" అనే మాట ఒక్కరోజులో పాకుతుంది. ఏడుగురు సొంత ఫోన్‌లోనే వర్క్ ప్రొఫైల్ పెట్టించుకున్నారు, వాళ్ళకు నెలనెలా కొంత డబ్బు ఇస్తాం. మిగతా 17 మందికి రెండోసారి కొన్న కంపెనీ ఫోన్.

కంపెనీ ఫోన్ కొనేటప్పుడు గూగుల్ లాక్ తలనొప్పి తప్పాలంటే ఇంకో ఏర్పాటు ఉంది. గూగుల్ వాళ్ళది జీరో టచ్, శామ్‌సంగ్ వాళ్ళది నాక్స్ ఎన్‌రోల్‌మెంట్. ఫోన్ ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబర్) మన సంస్థ పేరు మీద ఎక్కించి పెడితే, ఎవరు రీసెట్ చేసినా నెట్‌కు కలవగానే అది మళ్ళీ మన సంస్థ సెట్టింగ్‌తోనే తెరుచుకుంటుంది. జీరో టచ్‌కు అధీకృత రీసెల్లర్ దగ్గరే కొనాలి, మామూలు షాపులో కొన్నవాటికి కుదరదు. శామ్‌సంగ్ ఫోన్లయితే ఎక్కడ కొన్నా తర్వాత వాళ్ళ యాప్‌తో మనమే ఎక్కించుకోవచ్చు. ఈఎంఐ కట్టకపోతే ఫోన్ లాక్ అవుతుందని వినే ఉంటారు, నాక్స్ గార్డ్ లాంటివి, అదీ ఈ కోవలోదే. ఆఫీసు కోసం చేసిన ఏర్పాటు మామూలు కస్టమర్ దగ్గరికి అలా కూడా వచ్చింది.

అప్‌డేట్ల విషయంలో ఈ మధ్య పోటీ మనకు మేలు చేసింది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కి, శామ్‌సంగ్ 2024 జనవరిలో ఎస్24కి ఏడేళ్ళు అన్నాయి. అదే ఏడాది తక్కువ రేటులో ఉన్న గెలాక్సీ ఏ16 5జీకి కూడా శామ్‌సంగ్ ఆరేళ్ళు ప్రకటించింది. మన బడ్జెట్ వాళ్ళకు అసలు పనికొచ్చే వార్త అదే. మీరు చూసే మోడల్‌కు ఎన్నేళ్ళు అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి, షాపు మాట మీద పోవద్దు. ఆండ్రాయిడ్ ఎంటర్‌ప్రైజ్ రికమెండెడ్ అని ఆఫీసు వాడకానికి తగిన ఫోన్లతో గూగుల్ 2018 నుంచి ఒక జాబితా పెడుతోంది, అది కూడా చూడండి. ఏ మోడల్ కొనాలో నేను పేరు చెప్పడం లేదు, మీరు కొనేసరికి అది మార్కెట్లో ఉండకపోవచ్చు. ఐఫోన్ మంచిదే, ఆఫీసు వాడకానికి అందులోనూ అన్నీ ఉన్నాయి, కానీ 30 మంది ఫీల్డ్ స్టాఫ్‌కు రేటు కుదరదు.

జీఎస్టీ గురించి మీకు ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ మీద 18 శాతం. 15 వేల ఫోన్‌లో దాదాపు 2,290 రూపాయలు పన్నే, 30 ఫోన్లకు 68 వేల పైన. మాకు సంస్థ పేరు మీద బిల్లు ఉంది కాబట్టి ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) వచ్చింది. మీది విత్తనాల వ్యాపారం, విత్తనాల మీద జీఎస్టీ లేదు, కాబట్టి విత్తనాలే అమ్మితే ఇన్‌పుట్ రాదు. పురుగుమందులు కూడా అమ్ముతుంటే ఆ వాటా మేరకు రావచ్చు, మీ ఆడిటర్‌ను కొనకముందే అడగండి.

30 ఫోన్లు అంటే మనకు పెద్ద ఆర్డర్, కంపెనీల బిజినెస్ టీమ్‌కు చిన్నది, వాళ్ళంతట వాళ్ళు రారు. డిస్ట్రిబ్యూటర్‌తో నేరుగా మాట్లాడండి, అందరికీ ఒకే మోడల్ తీసుకోండి (చార్జర్లు, పౌచ్‌లు, విడిభాగాలు కలుస్తాయి), ఇంకో రెండు ఫోన్లు అదనంగా తీసుకుని ఆఫీసులో ఉంచండి. సర్వీస్ సెంటర్‌కు మీరే ఒకసారి వెళ్ళి, అక్కడ రిపేరుకు ఇచ్చినవాళ్ళతో ఐదు నిమిషాలు మాట్లాడండి.

అన్నిటికన్నా ముందు రెండు ఫోన్లే కొని, మీ వాళ్ళలో ఎక్కువ ఎండలో తిరిగే ఇద్దరికి నెల రోజులు ఇవ్వండి. ఆదోని, ఆలూరు వైపు తిరిగేవాళ్ళు ఉంటే వాళ్ళకే ఇవ్వండి. నెలాఖరుకి ఆ ఫోన్ వాళ్ళ చొక్కా జేబులో ఉందో, బైక్ డిక్కీలో ఉందో చూసి మిగతావి ఆర్డర్ పెట్టండి. కుదిరితే ఈ పరీక్ష మే నెలలో పెట్టండి, జనవరిలో వద్దు.